పొట్టేలు చూసిన అద్దం

కుళ్లాయప్ప కంటే ముందు వాళ్లమ్మకు ముగ్గురు పుట్టి పురిటిలోనే పోయారు. నాలుగో కానుపుకు ముందు ఆమె పీర్ల పండగలో గుండం దగ్గర కొంగు చాపి, బిడ్డ నిలిస్తే కుళ్లాయిస్వామి పేరు పెట్టుకుంటానని మొక్కుకుంది. బిడ్డ నిలిచాడు. ఆ బిడ్డకు ఇప్పుడు అరవై రెండేళ్లు.

లింగాల మండలంలో ఒక పల్లె ఆయనది. ఉన్న రెండెకరాల్లో చీనీచెట్లు పెడితే బోరు ఎండిపోయి చెట్లన్నీ కట్టెలయ్యాయి. అప్పుడు మళ్లీ తాతలనాటి గొర్రెలే దిక్కయ్యాయి. నూటపది తలల మంద, భార్య రామేశ్వరమ్మ, భుజాన ఒక నల్లకంబళి. ఏటా ఎండలు ముదిరాక పులివెందుల దాటి, జమ్మలమడుగు దగ్గర పెన్న ఇసుకలో నాలుగు రోజులు ఆగి, ప్రొద్దుటూరు మీదుగా పోయి దువ్వూరు పొలాల్లో తేలతారు. అక్కడి రైతులు తొలకరికి ముందు చేలో మంద కట్టించుకుంటారు. గొర్రెలు నాలుగు రాత్రులు చేలో పడుకుంటే ఆ పెంటికతో భూమికి బలం. రైతు రెండు పూటలా కూడు పెట్టి, ఇన్ని గింజలో దుడ్లో చేతిలో పెడతాడు.

కుళ్లాయప్ప ఐదో తరగతి దాకా చదివాడు. సంతకం నిదానంగా, ఒక్కో అక్షరాన్నీ గొర్రెపిల్లను కింద దింపినట్టు దింపుతాడు. ఆయనకు ఒక గుణం ఉంది. తన మందకు ఎవరైనా ఒక తొట్టి నీళ్లు పోసినా, పిడికెడు ఆకు వేసినా వాళ్ల మీద ఒక్క చెడ్డమాట చెప్పడు, చెబితే వినడు. "నీళ్లు పోసినోళ్లప్పా" అని కంబళి దులుపుకుని లేచిపోతాడు. ఏ ఊళ్లో ఏ ఇంటివాళ్లు తొట్టి నింపారో అన్నీ జ్ఞాపకం. పొద్దున లేచి సూర్యుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆ ఇళ్లన్నీ వరసగా తలుచుకుంటాడు. ఆ వరస ముగిసేసరికి రామేశ్వరమ్మ సద్ది మూట కట్టేసి ఉంటుంది.

"దేవుడు గూడా ఇంత జాబితా రాసుకోడేమో" అంటుంది ఆమె.

"రాసుకుంటాడు లేమ్మే. మనమే మర్చిపోతాం."

మందకు ఒకే పొట్టేలు. నుదుట తెల్లని మచ్చ బొట్టు పెట్టినట్టు ఉంటుంది కాబట్టి బొట్టోడు అన్నారు. మూడేళ్ల కిందట జమ్మలమడుగులో జైబున్నీసా అనే ఆమె దగ్గర కొన్నాడు. తల్లి చనిపోయిన పిల్లను ఆమె పాలసీసాతో సాకింది. బక్రీద్‌కు అని సాకింది గానీ, పండగ దగ్గరపడేసరికి చేతులు రాలేదు. కసాయివాళ్లు చెప్పిన ధరలో సగానికే కుళ్లాయప్పకు ఇచ్చి, "కోతకు మాత్రం ఇయ్యనని మాటియ్యన్నా" అంది. ఆయన పొట్టేలు తల మీద చెయ్యిపెట్టి మాట ఇచ్చాడు. ఏటా ఆ దారిన పోయేటప్పుడు దాన్ని ఆమె గడప ముందర నిలబెట్టి చూపించి మరీ పోతాడు. మనిషి చేతిలో పెరిగిన జీవం కదా, ఎవరు "దా" అన్నా వెంట నడిచిపోవడం బొట్టోడికి అలవాటు.

ఈ ఏడు ఆ అలవాటే చిక్కు తెచ్చింది.

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద లోకనాథ్ అనే ఆయన కొత్తగా ఫర్నిచర్ అంగడి తెరిచాడు. బ్యాంకు లోను మీద పెట్టిన అంగడి. ముందరంతా నేల నుంచి పైదాకా అద్దం. తెరిచి మూడు రోజులే అయింది, గుమ్మానికి ఇరువైపులా అరటిచెట్లు, పైన మామిడి తోరణం ఇంకా వాడకుండా ఉన్నాయి. ఆదివారం పొద్దున ఏడు గంటలప్పుడు మంద ఆ దారిన వచ్చింది. రామేశ్వరమ్మ ముందు, కుళ్లాయప్ప వెనక.

లోకనాథ్ అప్పుడే అగరొత్తులు వెలిగించి బయటికి వచ్చాడు. ఎండలో నోరు తెరుచుకుని పోతున్న జీవాలను చూసి ఆయనకు ఏమనిపించిందో, అరటాకు ఒకటి చించి బొట్టోడి వైపు చాపాడు. "దా, దా" అన్నాడు. బొట్టోడు పోయి తింది. లోకనాథ్ దాని నుదుటి మచ్చ తడిమి నవ్వాడు కూడా. కుళ్లాయప్ప దూరం నుంచే చేతులెత్తి మొక్కాడు. రేపటి జాబితాలో ఈ అంగడి కూడా చేరింది.

ఇంతలో ఫోను మోగి లోకనాథ్ లోపలికి పోయాడు. మిగిలిన ఆకు చేతిలోనే ఉంది. బొట్టోడు వెనకే మూడు మెట్లు ఎక్కింది. అద్దం తలుపు మూసుకుంది. పొద్దుటి ఎండ సూటిగా పడి ఆ అద్దం నిలువుటద్దమైంది. అందులో ఇంకో పొట్టేలు, నుదుట బొట్టుతో, తలెత్తి దీని కళ్లలోకే చూస్తోంది.

"రేయ్ బొట్టోడా! ఇట్ల రారా!" కుళ్లాయప్ప పరుగెత్తాడు. పొట్టేలు నాలుగడుగులు వెనక్కి వేసింది. అట్లా వేసిందంటే ఇక పిలుపు వినపడదని ఆయనకు తెలుసు.

దాని దెబ్బకు అద్దం పలక భళ్లుమని పెంకులు పెంకులుగా దిగింది. ఎదుటి పొట్టేలు ఎక్కడికి పోయిందో తెలియక బొట్టోడు బిత్తరపోయి నిలబడింది. అంగట్లో బిల్లులు రాసే అమ్మాయి రేష్మా ముందుగా వచ్చింది పొట్టేలు దగ్గరికే. నుదుటి మీది అద్దం ముక్కలు వేలితో తీసేసి, పూజకు తెచ్చిన పసుపు అద్దింది.

లోకనాథ్ తల పట్టుకున్నాడు. "నలభై ఆరు వేలప్పా! మూడు దినాలు గాలేదు పెట్టిచ్చి! ఎవరు కడతారు?"

జనం గుమిగూడారు. కుళ్లాయప్ప బొట్టోడి మెడ మీద చెయ్యి వేశాడు. "నా పొట్టేలే సామీ" అన్నాడు. ఆయన నోటినుంచి వచ్చింది ఆ ఒక్క మాటే.

లోకనాథ్ బిల్లుబుక్కులో కాగితం చించి రాశాడు. 'నా పొట్టేలు అంగడి అద్దం పగలగొట్టింది. దాని ఖరీదు నలభై ఆరు వేలు నేను కట్టవలసినది. కట్టేవరకు పొట్టేలు అంగడి వద్దనే ఉంటుంది.' కుళ్లాయప్ప అక్షరం అక్షరం చదివాడు. అందులో అబద్ధం కనపడలేదు. సంతకం దింపాడు.

"శుక్రారం దాకా చూస్తా. బక్రీద్ గిరాకీలో దీనికి ఇరవై ఎనిమిది ఈజీగా వస్తాది. మిగిలింది నిదానంగా కట్టుకో."

ఇదంతా ముందు నుంచి తిరిగి చూసి, మందను రోడ్డు పక్కకు మళ్లించి అప్పుడే వచ్చిన రామేశ్వరమ్మ నోరు తెరిచింది. "ఏందయ్యా, ఆయప్పే గదా పిలిచి..."

"గమ్మునుండు" అన్నాడు కుళ్లాయప్ప.

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట నాలుగైదుసార్లు విన్నదేమో. ఆమె గమ్మునే ఉంది, దువ్వూరు దాకా.

దువ్వూరులో ఆనందయ్య పొలం వాళ్లకు చివరి మజిలీ. పధ్నాలుగేళ్లుగా ఆయన మూడెకరాల్లో మంద కడుతున్నారు. బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. కూడు పెట్టేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, మంద పేరు కూడా ఒకసారి చెబుతాడు. మంగళవారం సాయంత్రం మంద చేలో దిగగానే ఆయన కంట్లో పడింది పొట్టేలు లేకపోవడమే.

"ఏం కుళ్లాయప్పా, మీ బొట్టోడు యాడ?"

కుళ్లాయప్ప చెప్పాడు. పొట్టేలు అద్దం పగలగొట్టింది, సంతకం పెట్టేసినాను, శుక్రవారం అమ్మేస్తారు, జైబున్నీసమ్మకు ఇచ్చిన మాట పోతాది. చెబుతూ చెబుతూ కంబళి అంచు దారాలు పీకుతున్నాడు.

"ఉత్తపుణ్యానికి మెట్లెక్కి పోయిందా పొట్టేలు?"

కుళ్లాయప్ప ఇంకో దారం పీకాడు. రాగిసంగటి ముద్ద చేస్తున్న రామేశ్వరమ్మ ఇక ఆగలేకపోయింది.

"నేను చెప్తా అయ్యవారూ. ఆయప్పే ఆకు చూపిచ్చి పిల్చినాడు. ఆకు పట్టుకోని లోపలికి పోయినాడు. అది వెనకాల పోయింది. ఈ మారాజు ఆ ముక్క చెప్పకుండా నలభై ఆరు వేలకు సంతకం చేసొచ్చినాడు. మెడలో నాకు పుస్తెలు తప్ప ఏమన్నా ఉండాదా అని అడగండి ఈయప్పను."

"తినబెట్టిన మనిషి మీద చెప్తామా?" కుళ్లాయప్ప గొంతు లేచింది. "పొద్దన్నే జీవానికి ఆకు పెట్టిన చెయ్యి అది. నీవు పెట్టినందుకే ఇట్లాయె అంటే, ఆయప్ప జన్మలో ఇంకో జీవానికి పెడతాడా?"

ఆనందయ్య చేతిలోని చెంబు పక్కన పెట్టాడు. బళ్లో పిల్లలు తప్పుగా లెక్క చేస్తే కేకలు వెయ్యకుండా పక్కన కూర్చునే మనిషి ఆయన. ఇప్పుడూ గట్టు మీద కుళ్లాయప్ప పక్కనే కూర్చున్నాడు.

"నీ మనసు మంచిదే అప్పా. కానీ ఆ కాగితంలో సగమే ఉండాది. సగం చెప్పి సంతకం పెడితే చదివినోనికి అది అబద్ధమే ఐతాది. నీవు ఆయన్ను తిట్టాల్సిన పన్లే. జరిగింది జరిగినట్టు ఆయన ముఖం చూసి చెప్పు. పెట్టింది మంచి అని గూడా చెప్పు. ఆ మీదట కట్టాల్సినది ఉంటే కట్టు, నేనూ ఇస్తా."

"మీరు వస్తారా అయ్యవారూ?"

"నేనొస్తే తగువు అంటాడు. నీవు పో. గొర్రెలకాడ నేనుంటా."

"మీరు గొర్రెలు కాస్తారా!" రామేశ్వరమ్మకు ఆ దుఃఖంలోనూ నవ్వొచ్చింది. "ముప్పై ఏండ్లు బడిపిల్లల్నే కాస్తిరి, వీటిదేముంది" అని తనే సమాధానం చెప్పుకుంది.

గురువారం పొద్దున కుళ్లాయప్ప బస్సు దిగేసరికి అంగడి ముందర పని నడుస్తోంది. అద్దాల మేస్త్రీ నూరుల్లా కొత్త పలక నిలబెట్టి, సున్నం బకెట్టులో కుచ్చు ముంచి అద్దం నిండా అడ్డంగా నిలువుగా పెద్ద పెద్ద గీతలు లాగుతున్నాడు. పక్క సందులో నీడకు బొట్టోడు కట్టేసి ఉంది. ముందర పచ్చని క్యాబేజీ ఆకులు, ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు. ఆయన్ను చూడగానే తాడు తెంపుకునేంత పని చేసింది.

"తాతా వచ్చినావా!" రేష్మా బయటికి వచ్చింది. "మొదటి దినం ఏమీ తినల్యా. మా వీధిలో కూరగాయలాయప్ప దగ్గర ఆకులు అడుక్కోనొచ్చినా. అప్పట్నించి నా చున్నీ గూడా వదలడం లేదు."

కుళ్లాయప్ప కళ్లు తడిశాయి. "నిన్ను దేవుడు సల్లంగా చూడల్ల పాపా" అన్నాడు.

లోకనాథ్ కౌంటరులో ఉన్నాడు. "తెచ్చినావా పెద్దాయనా?"

"తేలేదు సామీ. ఒక మాట చెప్పిపోదామని వచ్చినా."

"మాటలెందుకు? సంతకం ఉండాది గదా."

"ఉండాది. అందులో రాసింది నిజమే. రాయనిది ఒకటి ఉండాది." కుళ్లాయప్ప కంబళి తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆపొద్దు నా పొట్టేలుకు నీవు ఆకు పెట్టినావు. అది మంచి పని. ఊరూరూ తిరిగేవాళ్లం, మాకు తెలుసు దాని విలువ. ఆకు చేతబట్టుకోని నీవు లోపలికి పోతే అది వెనక వచ్చింది. పిలవకుండా మెట్లెక్కి ఉంటే అర్ధరాత్రైనా తెచ్చి కట్టేవాన్ని. పిలిస్తే వచ్చినదానికి నేనొక్కన్నే కట్టేది న్యాయమా, నీవే చెప్పు."

లోకనాథ్ ముఖం ఎర్రబడింది. "అంటే పాపమని ఆకు పెడితే తప్పు నాదయిందా? బాగుండాదప్పా! ఇంక ఎవరికన్నా ఏమన్నా పెట్టబుద్ధయితాదా?"

కుళ్లాయప్ప భయపడింది ఈ మాటకే. నాలుగు రోజులుగా నోరు కట్టుకున్నది ఈ మాట వినలేకే. అయినా తల వంచలేదు.

"తప్పు అన్లేదు సామీ. నీదీ తప్పు గాదు, నాదీ గాదు, నోరులేని దానిది అసలే గాదు. ఎవురి తప్పూ కానిది ఒక్కని నెత్తిన ఎందుకు పెడతావు అంటాండా."

"అది పొగరుబోతు పొట్టేలు. కెమెరాలో చూసినా, యట్ల వెనక్కి పోయి గుద్దిందో!"

"సార్" అంది రేష్మా మెల్లగా, "కెమెరాలో ఆకు పెట్టిన కాడ్నించి ఉండాది సార్."

లోకనాథ్ ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆమె బిల్లుబుక్కు సర్దుకుంటూ తల దించుకుంది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నెల జీతం మీద బతికే పిల్ల. ఆ మాటకు ఎంత ధైర్యం కావాలో కుళ్లాయప్పకు తెలుసు.

బయటినుంచి నూరుల్లా కుచ్చు పట్టుకునే వచ్చాడు, చేతులనిండా సున్నం. "నన్నూ ఒక మాట చెప్పనీ సార్. పోయినసారి గూడా నేను ఇట్లే సున్నం గీతలు కొట్టి పోతి. వారం దినాలు తుడవొద్దండి, కొత్త అద్దం జనాలకు కనపడదు, ముక్కులు పగులుతాయి అని జెప్తి. చెప్పినానా లేదా?"

"ఫోటోలకు బాగుండదని తుడిపిచ్చినా" అన్నాడు లోకనాథ్, గొంతు కొంచెం తగ్గించి.

"మనుషులకే కనపడంది పొట్టేలుకు కనపడ్తాదా? దానికి కనపడింది దాని శత్రువు."

"నీవు గూడా వకీలువే! సరే, గీతలుంటే గుద్దదా? ఏం నమ్మకం?"

"చూపిస్తా" అన్నాడు కుళ్లాయప్ప. సందులోకి పోయి తాడు విప్పాడు.

"ఓ పెద్దాయనా! వద్దు! ఇప్పుడే పెట్టినాడు, బంక గూడా ఆరలేదు!" లోకనాథ్ కౌంటరు దాటి ఉరికి వచ్చి కొత్త అద్దానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. నూరుల్లా నవ్వాపుకోలేక కుచ్చు కింద పెట్టేశాడు.

కుళ్లాయప్ప తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టి పట్టుకున్నాడు. బొట్టోడు మూడు మెట్లూ ఎక్కింది. పొద్దుటి ఎండే, అదే గుమ్మం. అద్దం నిండా తెల్లని గీతలు. అది ఒకసారి చూసింది. అందులో పొట్టేలు ఏమీ లేదు. సున్నం వాసనకు ఫుర్రుమని చీది, చేతులు చాచి నిలబడ్డ లోకనాథ్ అరచేతిని వాసన చూసింది. ఆపొద్దు ఆకు పెట్టిన చెయ్యి అదేనని గుర్తుపట్టిందో ఏమో, నాకడం మొదలుపెట్టింది.

లోకనాథ్ చేతులు దించలేదు, అరచెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు. కాసేపటికి, "ఛీ, గరుగ్గా ఉండాది నాలుక" అన్నాడు.

ఆ తర్వాత కూడా తేలికగా తెగలేదు. సగం కట్టు అన్నాడు లోకనాథ్. లోను ఉందన్నాడు, నెలకు ఎంత కట్టాలో చెప్పాడు. కుళ్లాయప్ప అంతా విన్నాడు. "నీ కష్టం నాకు తెలుస్తాండాది సామీ. కానీ సగం కడితే, సగం తప్పు నాదని ఒప్పుకున్నట్టే. అది నేను ఒప్పుకోలేను. నీ మీద కోపంతో గాదు" అన్నాడు. గొంతు పెంచలేదు. అడుగు కదపలేదు.

చివరికి లోకనాథ్ సొరుగు లాగి కాగితం తీశాడు. చించలేదు. సంతకం మీద ఒక గీత కొట్టి, కింద తన చేత్తోనే రాశాడు. 'పొట్టేలును నేనే పిలిచితిని. బాకీ లేదు.' రాసి, కాగితం కుళ్లాయప్ప చేతికిచ్చాడు.

"ఇంకోసారి మీ మంద ఈ దారిన వస్తే ముందే కేకెయ్యి అప్పా."

"ఆకు పెడతావా సామీ?"

"పెడతా. రోడ్డు మీదికొచ్చి పెడతా" అన్నాడు లోకనాథ్, ముఖం ముడుచుకునే.

కుళ్లాయప్ప ఆయనకు మొక్కాడు. నూరుల్లాకు మొక్కాడు. రేష్మాకు ఏమివ్వాలో తెలియక, కంబళి అంచున వేలాడుతున్న ఊలు దారం ఒకటి పీకి ఆమె చేతికిచ్చాడు. "దిష్టి తగలదు పాపా" అన్నాడు. ఆమె దాన్ని అక్కడే మణికట్టుకు కట్టుకుంది.

బస్సులో పొట్టేలును ఎక్కించుకోము అన్నారు. నడకే. పదకొండు గంటల ఎండలో కుళ్లాయప్ప బొట్టోణ్ణి పట్టుకుని బజారు దాటాలి. రోడ్డుకు రెండు పక్కలా సెల్‌ఫోన్ల అంగళ్లు, బట్టల అంగళ్లు, అన్నిటికీ అద్దాలే. ఆయన కొంతసేపు నిలబడి ఆలోచించాడు. తరువాత కంబళి విప్పి, ఊరేగింపులో దేవుడికి తెర పట్టినట్టు, పొట్టేలుకూ అద్దాలకూ మధ్య చాపి పట్టుకుని నడిచాడు. ఎదురొచ్చిన ఒకాయన స్కూటరు ఆపి, "ఏందప్పా, పెండ్లికొడుకునా తీస్కపోతాండావు?" అన్నాడు.

"ఔ నాయనా" అన్నాడు కుళ్లాయప్ప. "ఆడ నూరుమంది ఎదురు చూస్తాండారు."

ఆ మనిషి నవ్వి, స్కూటరు పక్కన పెట్టి, రెండో పక్క కంబళి అంచు పట్టుకున్నాడు. బజారు దాటేదాకా పట్టుకునే వచ్చాడు. పేరు అడగడం కుళ్లాయప్ప మరిచిపోయాడు. మరునాడు పొద్దున సూర్యుడికి దండం పెట్టుకునేటప్పుడు జాబితాలో ఆయన్ను 'స్కూటరాయప్ప' అని చేర్చుకున్నాడు, ఫర్నిచర్ అంగడి తర్వాత.